జయించినది ఎవరిని? పారాలింపిక్ ప్రసారాలలో వీరరసం, క్రీడాకారుడైన వ్యాఖ్యాత

వికలాంగ క్రీడాకారుల విజయాలను గురించి తెలుగులో వెలువడే వార్తాకథనాలలో ఒక క్రియ తరచుగా కనిపిస్తుంది. ‘వైకల్యాన్ని జయించి’, ‘విధిని జయించి’, ‘లోపాన్ని జయించి’ అనే పదబంధాలు లేని శీర్షిక అరుదు. ‘జయించు’ సకర్మక క్రియ. క్రీడావార్తలో దానికి కర్మ కావలసినవాడు ప్రత్యర్థి. క్రికెట్ వార్తలో ఒక జట్టు మరో జట్టును జయిస్తుంది. కుస్తీ వార్తలో ఒక మల్లుడు మరో మల్లుణ్ణి జయిస్తాడు. వికలాంగుల క్రీడావార్తలో మాత్రం కర్మస్థానంలో క్రీడాకారుడి శరీరమే వచ్చి కూర్చుంటుంది. పక్క వరుసలలో పరుగెత్తినవారూ, ఎదుటి జట్టులో ఆడినవారూ వాక్యంలోంచి తప్పుకుంటారు. ఇది పాత్రికేయుల అలవాటు మాత్రమే అని వదిలేయదగిన విషయం కాదు. దీని వెనుక ఒక రససమస్య ఉన్నదనీ, పారాలింపిక్ క్రీడాకారులు కొందరు మైదానం నుంచి ప్రసారరంగానికి మారినప్పుడు ఆ సమస్య బయటపడి కొంతమేరకు సర్దుకున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదన. 2012 లండన్ క్రీడల ప్రసారంలో ప్రయోక్తగా నిలిచిన చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆటగాడు అడే అడెపిటన్ ఇక్కడ ప్రధానోదాహరణ.

ముందుగా రసవిచారం. వీరరసానికి స్థాయి ఉత్సాహమని భరతుడు మొదలుకొని ఆలంకారికులందరూ అంగీకరించినదే. దాని ఆలంబన విభావం ఏమిటన్న ప్రశ్నకు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో స్పష్టమైన సమాధానమిచ్చాడు: జయింపదగినవాడు, అంటే విజేతవ్యుడు. వీరానికి నాయకుడొక్కడు చాలడు, ఎదుట మరొకడు ఉండాలి. కరుణకూ అద్భుతానికీ ఆ అవసరం లేదు. కరుణలో శోకించదగిన వస్తువు ఒక్కటి ఉంటే చాలు. అద్భుతంలో లోకాతీతమైన వస్తువు ఒక్కటి ఉంటే చాలు. రెండింటిలోనూ చూడబడేది ఒకే ఒక్కటి. చూసేవాడు కన్నీరైనా పెట్టవచ్చు, నోరైనా తెరవవచ్చు. ఎవరు గెలుస్తారోనన్న ఉత్కంఠతో అతనికి పని లేదు. భరతుడు రసాల పుట్టుకను చెబుతూ వీరం నుంచి అద్భుతం కలుగుతుందన్నాడు. ఈ క్రమం కీలకమైనది. పోరాటాన్ని చూపకుండా ఆశ్చర్యాన్ని మాత్రమే చూపితే ఆ ఆశ్చర్యానికి పునాది ఉండదు.

వికలాంగుల విషయంలో సమాజం వాడే పదజాలం ఈ రెండు రసాల మధ్యనే ఊగిసలాడుతుంది. ‘వికల’ శబ్దం లోపాన్ని చెప్పి శోకం వైపు లాగుతుంది. 2015 చివరలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంతో ప్రచారంలోకి వచ్చిన ‘దివ్యాంగ’ శబ్దం విస్మయం వైపు నెడుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యవహారంలోని ‘విభిన్న ప్రతిభావంతులు’ కూడా రెండవ కోవలోనిదే. లోపం ఉన్న అంగం ఒక్కసారిగా దివ్యమైన అంగం కావడానికి మధ్యలో ఏమి జరగాలో ఈ మాటలు చెప్పవు. (పింఛను కార్యాలయం ముందు వరుసలో నిలబడినవాడికి ఈ దివ్యత్వం ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది వేరే చర్చ.) గమనించవలసినదేమంటే, ఇంగ్లండులో ఇదే మలుపు దీనికి మూడేళ్ల ముందే, క్రీడాప్రసారం ద్వారా వచ్చింది.

2012 పారాలింపిక్ క్రీడల ప్రసారహక్కులను బ్రిటన్‌లో చానల్ 4 సంపాదించింది. ఆ ఏడాది జూలైలో అది విడుదల చేసిన ప్రచారచిత్రం పేరు ‘మీట్ ది సూపర్‌హ్యూమన్స్’. అతిమానవులను కలుసుకోండి అని దాని భావం. హోరెత్తే సంగీతం, చెమటోడ్చే సాధన, మధ్యలో హఠాత్తుగా ఒక యుద్ధక్షేత్రపు విస్ఫోటనం, ఒక గర్భిణి, ఒక కారు ప్రమాదం, మళ్లీ ఆట. దృశ్యనిర్మాణంలో అది శక్తిమంతమైన చిత్రమే. పాత జాలిచూపును ఒక్క దెబ్బతో తుడిచిపెట్టిన మాట కూడా నిజమే. అయితే దాని నిర్మాణాన్ని రసదృష్టితో విడదీసి చూస్తే, అది కరుణ నుంచి నేరుగా అద్భుతానికి దూకిన చిత్రమని తేలుతుంది. విస్ఫోటనం, గర్భం, ప్రమాదం శరీరానికి ఏమి జరిగిందో చెబుతాయి. కండలు తిరిగిన దేహాలు దాన్ని దాటి ఏమి చేశారో చెబుతాయి. ఎవరు ఎవరితో తలపడబోతున్నారో ఆ చిత్రం చూసినవాడికి తెలియదు. అతిమానవుడికి సాటి ఎక్కడ? సాటి లేనప్పుడు పోటీ ఎక్కడ? ఈ పేరుపై వికలాంగ హక్కుల కార్యకర్తల నుంచి విమర్శ వచ్చింది. 2021లో అదే సంస్థ అదే మాటను మధ్యలో చుక్క పెట్టి ‘సూపర్. హ్యూమన్.’ అని రెండుగా విరిచి వాడింది. ఒక విరామచిహ్నం ఇంతటి విమర్శను మోయడం భాషాధ్యయనపరులకు ఆసక్తి కలిగించే విషయం.

ప్రచారచిత్రం అద్భుతాన్ని వాగ్దానం చేసింది సరే, క్రీడలు మొదలైన తర్వాత గంటల తరబడి సాగే ప్రసారాన్ని అద్భుతం మీద నడపడం సాధ్యమా? విస్మయం సహజంగా క్షణికం. ఒకే వింత పదోసారి వింత కాదు. ప్రసారానికి ఇక వీరమే దిక్కు. దాన్ని చెప్పగలవాడు ఆట తెలిసినవాడై ఉండాలి. తెరమీద కనిపించే ప్రసారబృందంలో సగం మంది వికలాంగులే ఉండాలన్న లక్ష్యాన్ని చానల్ 4 ముందుగానే ప్రకటించింది. దాన్ని సమానావకాశాల కోణంలో చర్చించినవారు చాలామంది. అది ఒక కథనావసరం కూడా అన్న సంగతి అంతగా చర్చకు రాలేదు.

అడెపిటన్ 1973లో నైజీరియాలోని లాగోస్‌లో పుట్టాడు. పసితనంలోనే పోలియో సోకింది. మూడేళ్ల వయసులో కుటుంబంతో తూర్పు లండన్‌లోని న్యూహామ్‌కు చేరాడు. 2012 ఒలింపిక్ క్రీడాంగణం వెలసిన స్ట్రాట్‌ఫర్డ్ ఆ న్యూహామ్‌లోనిదే. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన బ్రిటన్ జట్టులో అతను సభ్యుడు. జీవితచరిత్ర వివరాలు ఇక్కడికి చాలు. ఈ వ్యాసానికి ముఖ్యమైనవి అతను తెరమీద కనిపించిన మూడు సందర్భాలు, వాటి క్రమం.

మొదటిది 2002 నాటిది. బీబీసీ వన్ తన కార్యక్రమాల నడుమ చూపిన చిన్న నృత్యదృశ్యాలలో ఒకదానిలో చక్రాల కుర్చీలలోని నర్తకులు కనిపిస్తారు. వారిలో అడెపిటన్ ఒకడు. అక్కడ అతనికి దేహం ఉంది, లయ ఉంది, మాట లేదు. రెండవది 2005లో బీబీసీ టూ ప్రసారం చేసిన ‘బియాండ్ బౌండరీస్’. వికలాంగుల బృందమొకటి నికరాగ్వా అడవులనూ కొండలనూ దాటుకుంటూ పోయే సాహసయాత్ర అది. అందులో అతనికి మాట ఉంది. కాని కథను నడిపే మాట అతనిది కాదు. అడవి, బురద, ఏరు ప్రతినాయకస్థానంలో నిలిచి, దేహం వాటిని ఎంతవరకు తట్టుకుంటుందన్న ప్రశ్నే కథ అయింది. విజేతవ్యుడి స్థానంలో ప్రకృతి నిలిచినా, చూపు మళ్లీ శరీరం మీదికే తిరిగింది. మూడవది 2012. అక్కడ అతను క్లేర్ బాల్డింగ్ తదితరులతో పాటు ప్రయోక్త. ఎవరి ఆట ముందు చూపాలో, ఎవరిని ఏమి అడగాలో, ఒక ఓటమిని ఎలా పరిచయం చేయాలో అతని నోటి మీదుగా ప్రేక్షకుడికి చేరుతుంది. ఆనాటి ప్రారంభోత్సవాన్ని ఒక దశలో 1 కోటి 12 లక్షల మంది చూశారు. పదేళ్ల వ్యవధిలో ఒకే మనిషి దృశ్యవస్తువు నుంచి పాత్రకూ, పాత్ర నుంచి కథకుడికీ మారాడు. కథనశాస్త్రం దృష్టిలో ఇది ఉద్యోగం మారడం కంటే పెద్ద మార్పు.

తెలుగులో ‘వ్యాఖ్యాత’ అనే ఒక్క మాటతో ముగ్గురిని పిలవడం వల్ల ఈ మార్పు విలువ మసకబారుతుంది. జరుగుతున్న ఆటను క్షణక్షణం చెప్పేవాడు ఒకడు. మధ్యమధ్య లోతు చెప్పే విశ్లేషకుడు మరొకడు. మొత్తం ప్రసారాన్ని చేతిలో పట్టుకుని నడిపే ప్రయోక్త మూడవవాడు. మాజీ క్రీడాకారులకు సాధారణంగా దక్కేది విశ్లేషకస్థానం. అక్కడ అతని అధికారం తన ఆట వరకే. ప్రయోక్త అధికారం అన్ని ఆటల మీదికీ విస్తరిస్తుంది. అడెపిటన్‌కు దక్కినది ఈ మూడవ స్థానం కావడం గమనించదగినది. సంజయుణ్ణి మొదటి వ్యాఖ్యాతగా చెప్పడం తెలుగు సభలలో పరిపాటి. ఆ ఘట్టంలో మాటలకు నోచుకోని ఒక అమరిక ఉంది. చూపు లేనివాడు అడుగుతాడు, చూపు ఉన్నవాడు చెబుతాడు. వైకల్యం వినేవైపు ఉండి, కథనాధికారం అవతలివైపు ఉంటుంది. శతాబ్దాలుగా స్థిరపడిన ఆ అమరికను లండన్ ప్రసారం తలకిందులు చేసింది.

చెప్పేవాడు మారితే చెప్పబడేది ఎలా మారుతుందో చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌నే ఉదాహరణగా తీసుకుని చూడవచ్చు. ఆట తెలియని కంటికి అక్కడ కనిపించేవి కుర్చీలు. అవి ఢీకొన్నప్పుడు ‘అయ్యో’ అనిపిస్తుంది, బుట్టలో బంతి పడినప్పుడు ‘ఆహా’ అనిపిస్తుంది. ఈ రెండు అవ్యయాల మధ్య ఆట సాంతం జారిపోతుంది. ఆడినవాడి కన్ను వేరు. బుట్ట ఎత్తు నిలబడి ఆడేవారి ఆటలో ఉన్నట్టే 3.05 మీటర్లు. మైదానం కొలతలూ అవే. బంతి చేతిలో ఉన్నప్పుడు చక్రాలను రెండుసార్లకు మించి నెట్టకూడదు. ఆలోపు బంతిని నేలకు కొట్టాలి, లేదా అందించాలి, లేదా వేసేయాలి. ప్రతి ఆటగాడికీ అతని దేహవ్యాపారశక్తిని బట్టి 1.0 నుంచి 4.5 వరకు అంకె ఉంటుంది. మైదానంలో ఉన్న ఐదుగురి అంకెల మొత్తం 14 దాటకూడదు. ఈ చివరి నియమం శిక్షకుణ్ణి గణకుణ్ణి చేస్తుంది. పొడవాటి చేతులతో సులువుగా బంతి వేయగల 4.5 ఆటగాళ్లను ఇద్దరిని దింపితే మిగిలిన ముగ్గురికీ కలిపి 5 మాత్రమే మిగులుతుంది. నడుముపై పట్టులేని 1.0 ఆటగాడు బంతిని ముట్టకుండానే ఆటను గెలిపించగలడు: ఎదుటి జట్టులోని బలవంతుడు తమ వైపు మరలకముందే అతని కుర్చీకి తన కుర్చీని అడ్డంగా నిలిపి వెనకనే బంధించేస్తే, అవతల నలుగురితో ఐదుగురు ఆడతారు. పద్మవ్యూహ ద్వారం దగ్గర పాండవులను నిలిపేసిన సైంధవుడి పని ఇది. నైతికతను పక్కన పెడితే వ్యూహం అదే.

ఈ అడ్డుకోవడాన్ని గుర్తించి చెప్పిన మరుక్షణం ప్రేక్షకుడి చూపులో కుర్చీ ఆయుధమవుతుంది, దేహం యోధుడిదవుతుంది, ఎదుటివాడు విజేతవ్యుడవుతాడు. ‘జయించు’ క్రియకు సరైన కర్మ దొరుకుతుంది. కరుణను నిషేధించడం వల్ల ఈ మార్పు రాదు. ఆటను చెప్పడం వల్ల వస్తుంది.

ప్రత్యర్థిని తెరమీదికి తేవడంలో అడెపిటన్ కంటే లోతైన పని చేసిన మరొక పారాలింపియన్ ఉన్నాడు. ఈతగాడు జైల్స్ లాంగ్ పేరు ప్రయోక్తలంతటి ప్రసిద్ధిని పొందలేదు. క్యాన్సర్ వల్ల చేతి ఎముకను కోల్పోయి, పారాలింపిక్ స్వర్ణాలు గెలిచి, ఆ తర్వాత ప్రసారరంగంలోకి వచ్చాడు. ప్రేక్షకుడు ఎదుర్కొనే మొదటి చిక్కు అతనికి అర్థమైంది. ఒకే పోటీలో ఒక చేయి లేనివాడు, రెండు చేతులూ ఉండి కాళ్లలో బలం లేనివాడు పక్కపక్కన ఈదుతూ కనిపిస్తారు. చూసేవాడి మనసులో ‘ఇది న్యాయమేనా’ అన్న అనుమానం పుట్టిన క్షణంలో ఉత్సాహం చచ్చిపోతుంది. బలం లేనివాడిపై బలవంతుడి గెలుపు వీరం కాదని సామాన్యుడికీ తెలుసు. లాంగ్ రూపొందించిన ‘లెక్సీ’ అనే చిత్రపద్ధతి మనిషి ఆకారంలో ఏ భాగానికి ఎంత పరిమితి ఉన్నదో రంగులతో చూపి, ఈ ఇద్దరు ఏ లెక్కన సమానులో కొద్ది క్షణాలలో చెబుతుంది. చానల్ 4 దాన్ని 2012 ప్రసారాలలో వాడింది. రంగుల బొమ్మ రూపంలో ఉన్నా ఇది వ్యాఖ్యానమే, టీక వంటిది. మూలం అర్థం కాని పాఠకుడికి టీకాకారుడు అన్వయం చెప్పినట్టుగా, పోటీ అర్థం కాని ప్రేక్షకుడికి లాంగ్ సమత్వాన్ని అన్వయించాడు. విభావం స్థిరపడకుండా రసం లేదన్న సూత్రానికి ఇంతకంటే ఆచరణాత్మకమైన నిదర్శనం అరుదు.

ఇంతమాత్రాన కథనాధికారం పూర్తిగా చేతికి వచ్చిందని చెప్పడం తొందరపాటే. వికలాంగ ప్రయోక్తను సంస్థలు కథకుడిగా కంటే సాక్షిగా వాడుకునే ప్రమాదం ఉంది. అతను మాట్లాడే విషయం ఏదైనా, అతను అక్కడ ఉండటమే సంస్థకు కావలసిన సందేశం అవుతుంది. నాలుగేళ్లకోసారి పిలుపు వచ్చి, మిగతా కాలమంతా తెర ఖాళీగా ఉంటే ఆ అధికారం పండుగనాటి అధికారమే. అడెపిటన్ విషయంలో అలా జరగలేదు. 2019లో బీబీసీ టూ కోసం ఆఫ్రికా దేశాలలో పర్యటించి చేసిన ధారావాహికలో అతను ఖండం గురించి మాట్లాడాడు. ఆస్ట్రేలియాకు చెందిన డిలన్ ఆల్కాట్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. బాస్కెట్‌బాల్‌లోనూ టెన్నిస్‌లోనూ పారాలింపిక్ స్వర్ణాలు గెలిచి, 2022లో ఆట విరమించిన ఆల్కాట్, నైన్ నెట్‌వర్క్ చేసే ఆస్ట్రేలియన్ ఓపెన్ ప్రసారంలో భాగమై నిలబడి ఆడేవారి టెన్నిస్‌ను గురించి మాట్లాడతాడు. తన వైకల్యంతో సంబంధంలేని విషయంపై అతని మాట చెల్లుబాటు కావడమే అసలు పరీక్ష. క్రికెట్ ఆడని మహిళ క్రికెట్ గురించి మాట్లాడితే ముఖం చిట్లించే ప్రేక్షకలోకంలో ఇది చిన్న సంగతి కాదు.

అడెపిటన్ సాహిత్యకృషి ఈ ప్రతిపాదనను కొంత చిక్కుపరుస్తుంది. 2018 నుంచి వెలువడిన అతని బాలల నవలలలో నైజీరియా నుంచి లండన్‌కు వచ్చిన, కాలికి ఇనుప పట్టీ ఉన్న అడే అనే బాలుడు ‘సైబోర్గ్ క్యాట్’ అనే వీరుడి పేరు ధరిస్తాడు. సగం యంత్రం, సగం పిల్లి. అతిమానవశబ్దాన్ని విమర్శించే వ్యాసానికి ఇది ఇరకాటమే. ప్రసారంలో వీరాన్ని నిలిపినవాడు పుస్తకంలో అద్భుతానికి తిరిగివెళ్లాడా? రెండు విషయాలు గమనించాలి. సైబోర్గ్ క్యాట్ ఒంటరి కాదు, అతనికి వీధి స్నేహితుల జట్టు ఉంది, ఎదుట నిలిచే పిల్లలు ఉన్నారు. ఇనుప పట్టీ మాయమై కాలు బాగుపడటం ఆ కథ ఇచ్చే ప్రతిఫలం కాదు. భారతంలోని అష్టావక్రుడు జనకసభలో వాదంలో గెలిచాడు. ఆ గెలుపు చాలనుకోని కథ అతణ్ణి సమంగానదిలో ముంచి వంకరలు సరిచేసింది. పండితుడి విజయానికి శరీరం నిటారు కావలసిన అవసరమేమిటని ఆ కథ తనను తాను అడగదు. బాలల నవలలోని అద్భుతం ఆ పని చేయకపోవడం వల్ల అది వీరం నుంచి పుట్టిన అద్భుతమే అవుతుంది. అయినా ఈ సమర్థన ఆ పుస్తకాలన్నిటికీ సమానంగా చెల్లుతుందని అనలేం. పిల్లల పుస్తకాల విపణిలో మహావీరుడి పేరుకున్న గిరాకీ కూడా ఆ ఎంపికలో పాలుపంచుకుని ఉండవచ్చు.

తెలుగు క్రీడావ్యాఖ్యానం ఇప్పుడు క్రికెట్ పుణ్యమా అని ఇంటింటా వినిపిస్తోంది. మాజీ ఆటగాళ్లు తెలుగులో విశ్లేషించడం అలవాటైంది. పారా క్రీడల విషయానికి వస్తే పరిస్థితి వేరు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు వచ్చిన కథనాలలో పేదరికం, బాల్యంలో ఎదురైన అవహేళన ముందు వరుసలో నిలిచాయి. అవి అబద్ధాలు కావు, అప్రస్తుతాలూ కావు. కాని పరుగు ఏమైంది? ఆ ఏడాది మే నెలలో కోబెలో జరిగిన ప్రపంచ పోటీలలో దీప్తి 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పారిస్‌లో తుదిపోరుకు ముందు పరుగులోనే తుర్కియే క్రీడాకారిణి ఐసెల్ ఓండెర్ 54.96తో ఆ రికార్డును చెరిపేసింది. తుదిపోరులో ఉక్రెయిన్‌కు చెందిన యులియా షులియార్ 55.16తో ఇద్దరినీ దాటింది, ఓండెర్‌కు 55.23, దీప్తికి 55.82. రికార్డు పోగొట్టుకున్న ప్రపంచ విజేత, రికార్డు కొట్టీ స్వర్ణం అందుకోలేని రెండవ క్రీడాకారిణి, వెనక నుంచి వచ్చి ఇద్దరినీ మించిన మూడవది. తిక్కన యుద్ధపర్వాలు చదివిన జాతికి ఇది ఎంత మంచి వస్తువు! తెలుగు పాఠకుడికి ఇందులో దాదాపు ఏదీ అందలేదు. షులియార్, ఓండెర్ పేర్లు లేని కథనంలో దీప్తి జయించవలసినవారు ఎవరూ లేరు. అందుకే కర్మస్థానంలోకి మళ్లీ వైకల్యమే వచ్చింది.

అడ్డంకి కొంత పదజాలంలోనూ ఉంది. ‘టీ20’ అనగానే తెలుగు పాఠకుడికి తోచేది ఇరవై ఓవర్ల క్రికెట్. ఇక్కడ ‘టీ’ పరుగుబాటకు, 20 మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగానికి సంకేతాలని చెప్పిన కథనాలు తక్కువ. ‘వర్గీకరణ’ అందామంటే ఆ మాటకు తెలుగు రాజకీయ వ్యవహారంలో వేరే చరిత్ర, వేరే బరువు ఉన్నాయి. ‘కేటగిరీ’ అంటే అర్థం దిగదు. పల్లెల్లో చెడుగుడుకు జట్లు విడగొట్టేటప్పుడు పిల్లలు ముందుగా సమానబలం ఉన్న ఇద్దరిద్దరిగా జతకడతారు. ప్రాంతాన్ని బట్టి దాన్ని ‘ఉజ్జీ’ అనో ‘ఉద్దీ’ అనో అంటారు. ‘వాడికి వీడు ఉజ్జీ కాడు’ అన్నమాటలో ఆట న్యాయంగా సాగాలన్న పట్టింపు అంతా ఉంది. లెక్సీ బొమ్మ రంగులతో చెప్పేది ఇదే మాట. పరుగు మొదలయ్యే ముందు ఒక తెలుగు గొంతు, వీలైతే ఆ బాటపై పరుగెత్తిన గొంతు, ‘వీళ్లు ఎనిమిదిమందీ ఉజ్జీలు, కారణమిది’ అని రెండు ముక్కలు చెబితే, ఆపై యాభైఅయిదు సెకన్లపాటు వినేవాడికి ఇంకేమీ వివరించనక్కరలేదు.